ఇస్తాంబుల్లో క్షవరం

(మన రేడియోలో ఆదివారం ప్రసారమైన మాటలకి అక్షరరూపం)

 

పోయినవారం కార్యక్రమం అయిపోయాక ఒక శ్రోత ఫోన్ చేశారు. "సెలవులకి టర్కీ వెళ్తున్నామండీ. అక్కడ క్షవరం చేయించుకోవాల్సిందేనని మా ఆఫీసులో అందరూ ఊదరగొడుతున్నారు. కత్తితో గీస్తారట, చెవులకి నిప్పు పెడతారట. మాతో మా మావగారు కూడా వస్తున్నారు. పెద్దాయన్ని అలాంటి చోట కూర్చోబెట్టొచ్చా? పిల్లాడి సంగతేమిటి?" అని అడిగారు. ఫోనులో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు కాబట్టి ఇవాళ మాట్లాడతానన్నాను. మేమూ పోయిన ఏడు అదే పని చేసొచ్చాం. మా నాన్నగారు, మా పద్నాలుగేళ్ళవాడు, నేను, మూడు తరాల బుర్రలు వరసగా ఒకే కొట్లో కూర్చున్నాం. మా ఆవిడ బయట బల్లమీద కూర్చుని టీ తాగుతూ నవ్వుకుంది.

ముందు రోజు సంగతి చెబుతాను. రోజంటే వారం. ఇస్తాంబుల్లో టూరిస్టులు తిరిగే సుల్తానహ్మెత్ చుట్టుపక్కల వారమంతా కొట్లు తెరిచే ఉంటాయి గానీ, లోపలి పేటల్లో చాలామంది క్షురకులకి ఆదివారం సెలవు. మన ఊళ్ళలో మంగళవారం సెలవు ఉన్నట్టే. మేము శనివారం సాయంత్రం దిగాం. ఆదివారం కొట్టు లేదు. సోమవారం బోస్ఫరస్ మీద పడవ టికెట్లు కొనేసుకున్నాం. మంగళవారం వెళ్దామంటే నాన్నగారు "మంగళవారం క్షవరమా? దేశం మారితే వారం మారుతుందా?" అన్నారు. సరే, బుధవారం. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఈ లెక్క ముందే వేసుకోండి. శుక్రవారం, శనివారం కూడా పనికిరావనే ఇళ్ళున్నాయి కదా, అటూ ఇటూ పోగా మిగిలేవి మూడు రోజులే.

కొట్టు ఎక్కడ చూసుకోవాలి అంటే, నా మాట వింటే పెద్ద మసీదుల పక్కన, హోటళ్ళ కింద, నాలుగు భాషల్లో బోర్డు పెట్టిన కొట్టు వద్దు. ఎమినోను రేవు దగ్గర పడవెక్కితే ఇరవై నిమిషాల్లో ఉస్కుదార్‌లో దిగుతారు. ఆసియా వైపు ఒడ్డు అది. రేవు నుంచి పైకి పోయే సందుల్లోకి నడిస్తే ప్రతి రెండు సందులకీ ఒక "బెర్బెర్" కనిపిస్తుంది. బెర్బెర్ అంటే మగవాళ్ళ క్షురకుడు. "కుఆఫోర్" అని రాసుంటే ఎక్కువగా ఆడవాళ్ళ సెలూన్. లోపల గోడమీద రెండు విషయాలు చూడండి. ఒకటి, ఫ్రేము కట్టిన సర్టిఫికెట్. దాన్ని "ఉస్తాలిక్ బెల్గెసి" అంటారు, పని పూర్తిగా నేర్చుకున్న ఉస్తాద్ అని ఇచ్చే పత్రం. అక్కడ సొంతంగా కొట్టు పెట్టాలంటే అది ఉండాలి. రెండోది ధరల పట్టిక. క్షురకుల సంఘంవాళ్ళు రేట్లు నిర్ణయించి అచ్చేసి ఇస్తారు, కొట్లో తగిలించాలి. అంకెలు నేను చెప్పను, వాళ్ళ లీరా విలువ ఎంత వేగంగా పడిపోతోందంటే నేను ఇవాళ చెప్పింది మీరు వెళ్ళేసరికి అబద్ధమవుతుంది. పట్టిక చూపించి "నె కదర్?" అనండి. ఎంత, అని. కూర్చోకముందే అడగాలి. మన భాషలో "క్షవరం అయింది" అంటే రెండర్థాలున్నాయి కదా, రెండూ ఒకే కుర్చీలో జరగకుండా చూసుకోవడం మన బాధ్యత.

అక్కడ పని నేర్చుకోవడంలో మూడు మెట్లున్నాయి. మొదట "చిరాక్", అంటే వచ్చి చేరిన కుర్రాడు. వెంట్రుకలు ఊడుస్తాడు, తువ్వాళ్ళు ఆరేస్తాడు, టీలు అందిస్తాడు. తరవాత "కల్ఫా", కొంత పని చేతికొచ్చినవాడు. ఆపైన "ఉస్తా". మన ఉస్తాద్, తాపీ పనివాళ్ళలో మేస్త్రీ లాంటి మాట. మీరు కొట్లోకి అడుగు పెట్టగానే పెద్దాయన్ని "ఉస్తా" అని పిలిస్తే చాలు, మొహం విప్పారుతుంది.

భాష రాదని బెంగ అక్కర్లేదు. హైదరాబాదులో పెరిగినవాళ్ళకయితే సగం మాటలు చుట్టాల్లా తగులుతాయి. కత్తిని వాళ్ళు "ఉస్తురా" అంటారు, మన ఉర్దూ "ఉస్త్రా" అదే. రెండూ పారశీకం నుంచి వచ్చినవి. సరే అనడానికి "తమామ్". టీ అంటే "చాయ్". చివర్లో ఇచ్చేది "బహ్‌షిష్", మన బక్షీసు. ఇంకో మాట ఉంది. ఉర్దూలో క్షురకుణ్ణి హజ్జాం అంటారు కదా, అరబ్బీలో దాని అసలు అర్థం జుట్టు కత్తిరించేవాడని కాదు, ఒంటిమీద కప్పులు బిగించి చెడు రక్తం తీసేవాడని. టర్కీలో "హజామత్" అంటే ఇవాళ్టికీ ఆ కప్పుల వైద్యమే. మన దగ్గర ఆ మాట క్షవరంగా మారిపోయింది. అన్ని దేశాల్లోనూ కత్తి పట్టినవాడే చిన్న చిన్న శస్త్రచికిత్సలూ చేసేవాడు మరి. ఇక్కడ ఇంగ్లండులో క్షురకులకీ శస్త్రవైద్యులకీ 1540లో ఒకే సంఘం కట్టారు, 1745 దాకా కలిసే ఉన్నారు. మన పల్లెల్లో కూడా కురుపులు కోసి కట్టు కట్టినవాళ్ళు నాయీ బ్రాహ్మణులే, కాన్పులు చేసిన మంత్రసానుల్లో చాలామంది వాళ్ళ ఇళ్ళలోని ఆడవాళ్ళే. పెళ్ళిలో సన్నాయి, డోలూ వాళ్ళవే. పెళ్ళికొడుకుని చేసేటప్పుడు గోళ్ళు తీసే వేడుకా వాళ్ళ చేతిమీదే జరగాలి.

మాటల్లో ఒక్కదానితో మాత్రం జాగ్రత్త. టర్కీ భాషలో వద్దు, కాదు అనడానికి "హయిర్" అంటారు. మావాడు కుర్చీలో కూర్చుని తల చూపించి ఇంగ్లీషులో "హెయిర్, హెయిర్" అన్నాడు. ఉస్తా కత్తెర దించి, వద్దా, మరెందుకు కూర్చున్నావు అన్నట్టు చూశాడు. జుట్టుకి వాళ్ళ మాట "సాచ్". గడ్డానికి "సకాల్". పొట్టి అంటే "కిసా". మరీ పొట్టిగా వద్దు అనాలంటే "చోక్ కిసా దెయిల్". చాలు అంటే "యెతెర్". ఈ అయిదూ వస్తే గండం గడిచినట్టే. వాళ్ళు వద్దు అనడానికి తల అడ్డంగా ఊపరు, కనుబొమలు పైకెత్తి, తల కాస్త వెనక్కి వేసి "చ్చ్" అని చప్పుడు చేస్తారు. మనమేమో అవునన్నా, వింటున్నానన్నా, సరేలెమ్మన్నా తల అటూ ఇటూ ఆడిస్తాం. ఆ ఊపుడికి వాళ్ళకి అర్థం తెలియదు, పైగా మెడమీద కత్తి ఉన్నప్పుడు తల ఆడించకూడదని వేరే చెప్పక్కర్లేదు. నోటితో "తమామ్" అనండి.

పిల్లలకి ఎలా కావాలో ఫోనులో ఫొటో చూపించడం అన్నిటికన్నా మేలు. అది కాకపోతే అంకెలు. మిషనుకి తగిలించే దువ్వెనల నంబర్లు దాదాపు ప్రపంచమంతా ఒకటే. ఒకటో నంబరంటే 3 మిల్లీమీటర్ల జుట్టు మిగులుతుంది, రెండు అంటే 6, మూడు అంటే 10 దాకా, నాలుగు అంటే 13 దాకా. "ఉచ్ నుమరా" అంటే మూడో నంబరు. మావాడికి పక్కల చర్మం దాకా తగ్గిస్తూ పైకి పోయేకొద్దీ ఒత్తుగా ఉండే ఫేడ్ కావాలి. ఉస్తా అరగంట పైన పట్టాడు దానికి. మిషను పక్కన పెట్టి, దువ్వెన మీద కత్తెర నడిపించి, గీత కనపడకుండా కలిపాడు. వాడి బడిలో స్నేహితులు వారం రోజులు దాని గురించే మాట్లాడారట. వాడి సంగతి అంతే, ఇంక చెప్పడానికేం లేదు.

నాన్నగారి సంగతి వేరు. ఆయనకి డెబ్భై ఆరు. తెనాలిలో ఉంటారు, నిరుడు ఆరు నెలలు మా దగ్గర ఉండడానికి వచ్చారు. నాలుగేళ్ళుగా చేతులు వణుకుతున్నాయి. పార్కిన్‌సన్స్ కాదు, ఎసెన్షియల్ ట్రెమర్ అని గుంటూరులో డాక్టరుగారు చెప్పారు. ఊరికే కూర్చుంటే బాగానే ఉంటారు. ఏదైనా పని చెయ్యబోతేనే వణుకు. కాఫీ సగం సాసర్లోకి పోతుంది. ఇంక రేజరు పట్టుకుని గడ్డం ఏం గీసుకుంటారు? తెనాలిలో నలభై ఏళ్ళపాటు ఒకాయన ఇంటికొచ్చి గీసేవారు. మా చిన్నప్పుడు ఆయన వసారాలో పొది విప్పుతుంటే చుట్టూ చేరేవాళ్ళం. తోలు పట్టామీద కత్తి అటూ ఇటూ నూరే చప్పుడు నాకిప్పటికీ చెవుల్లో ఉంది. ఆయన పోయాక ఆయన కొడుకు తన కొట్టుకి పిలిపించుకుని చేసేవాడు. ఇక్కడికొచ్చాక ఆ ఏర్పాటు లేదు. ఎలక్ట్రిక్ షేవరు కొనిచ్చాం, "ఈ గుర్రుమనేదాన్ని మొహం మీద తిప్పడం నా వల్ల కాదురా" అని పెట్టెలో పడేశారు. నేను గీస్తానంటే మొహం తిప్పేసుకున్నారు. "కొడుకు చేత గీయించుకునే రోజు ఇంకా రాలేదులే" అన్నారు. మా ఊళ్ళో ఒక కొట్టుకి తీసుకెళ్తే అక్కడ కుర్రాడు ఆయనతో ఒక్క మాటా మాట్లాడకుండా, జుట్టు కత్తిరించే మిషనే గడ్డం మీద అయిదు నిమిషాలు తిప్పి, "నెక్స్ట్" అన్నాడు. మళ్ళీ వెళ్ళనన్నారు. గడ్డం పెరిగింది. జీవితమంతా హైస్కూల్లో పాఠాలు చెప్పి, ఉతికిన చొక్కా, నున్నటి గడ్డం లేకుండా గడప దాటని మనిషి, గుడికి రమ్మంటే తరవాత చూద్దాం అనడం మొదలెట్టారు. మేము ఇస్తాంబుల్ తీసుకెళ్ళింది అయా సోఫియా చూపించడానికే, కాదనను. కానీ నా మనసులో ఉన్నది ఈ కుర్చీ.

ఉస్తాకి అరవై పైనే ఉంటాయి. నాన్నగారు కూర్చోగానే ఆయన చేతులు చూశాడు. ఏమీ అడగలేదు. చిరాక్ కుర్రాడు తెచ్చిన టీ గ్లాసు తీసుకుని, సగం తగ్గించి, ఆయన చేతికి కాకుండా పక్కన బల్లమీద పెట్టాడు. వాళ్ళ టీ గ్లాసులు నడుము సన్నగా ఉండి పిడి లేకుండా ఉంటాయి, వణికే చేతికి అవి కష్టం. ఆ ఒక్క పనితో మా నాన్నగారు కుర్చీలో వెనక్కి వాలారు.

తరవాత జరిగేది వరసగా చెబుతాను, మీకు ముందే తెలిస్తే కంగారుండదు. మెడచుట్టూ కాగితప్పట్టీ, దానిమీద గుడ్డ. బ్రష్షుతో నురగ. ఆ నురగ పట్టించడమే నాలుగయిదు నిమిషాలు, ఎందుకంటే వెంట్రుక నీళ్ళు పీల్చుకుని మెత్తబడితే కత్తికి అడ్డం తిరగదు. ముసలివాళ్ళ గడ్డం తెల్లగా, బిరుసుగా ఉంటుంది కాబట్టి వాళ్ళకి ఇంకా ఎక్కువసేపు. అప్పుడు కత్తి. మొదటిసారి వెంట్రుక వాలిన వైపు, మళ్ళీ నురగ పట్టించి రెండోసారి ఎదురు. రెండో చేత్తో చర్మం సాగదీసి పట్టుకుంటారు, బుగ్గలు లోపలికి పోయిన పెద్దవాళ్ళకి ఆ పట్టే ముఖ్యం. అక్కడక్కడ గీసుకుంటే ఒక రాయి తడిపి రుద్దుతారు. వాళ్ళు "కాన్ తాషి" అంటారు, రక్తపు రాయి అని. మన పటికే. నాన్నగారు ఆ మంటకి కళ్ళు మూసుకుని "ఆఁ, ఇదీ" అన్నారు. తెనాలి గుర్తొచ్చిందన్నమాట.

ఆపైన దారం. బుగ్గల మీద సన్నటి నూగు దారం మెలితిప్పి లాగేస్తారు. మన ఆడవాళ్ళకి తెలిసిన విద్యే, మగవాళ్ళకి కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. వద్దంటే మానేస్తారు. ముక్కులో మైనం పెట్టి లాగడం కూడా ఉంటుంది, పెద్దవాళ్ళకి అది వద్దనే నా అభిప్రాయం. ఇంక శ్రోత అడిగిన నిప్పు. ఒక పుల్ల చివర దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి వెలిగించి, చెవి అంచుమీద టపటపా తట్టి తీసేస్తారు. ఒక్కో తట్టు క్షణంలో సగం కూడా ఉండదు. రెండో చెయ్యి వెంటనే ఆర్పేస్తూ ఉంటుంది. చెవిమీద నూగు కాలి వాసనొస్తుంది తప్ప చర్మానికి వేడి తెలియదు. కానీ ముందు చెప్పకపోతే పెద్దవాళ్ళు ఉలిక్కిపడతారు. నేను ముందే చెప్పాను. అయినా అద్దంలో మంట చూడగానే నాన్నగారు నా వైపు తిరగకుండానే, "ఒరేయ్, తలకొరివి పెట్టాల్సింది నువ్వు కదా, ఇతనికి అప్పజెప్పావేంట్రా?" అన్నారు. నేనూ మావాడూ పడీపడీ నవ్వాం. ఉస్తాకి అర్థం కాకపోయినా తనూ నవ్వాడు.

ఇప్పుడు ఆరోగ్యం మాట. ఇది కాస్త శ్రద్ధగా వినండి. పాతకాలపు నూరుకునే కత్తి ఇప్పుడు టర్కీలో మంచి కొట్లలో వాడరు. పిడి పాతదిలాగే ఉంటుంది, అందులో బ్లేడు కొత్తది సగం విరిచి పెడతారు. మన ఊళ్ళలో ఎయిడ్స్ భయం పుట్టాక వచ్చిన మార్పే అక్కడా. బ్లేడు మీ కళ్ళెదుట కాగితం విప్పి పెట్టాలి. పెట్టకపోతే "యెని జిలెత్" అనండి, కొత్త బ్లేడు అని. ఎవరూ తప్పు పట్టుకోరు. ఎయిడ్స్ కన్నా ఇక్కడ అసలు భయం హెపటైటిస్ బి. ఎండిన రక్తంలో ఆ వైరస్ ఏడు రోజుల పాటైనా బతికి ఉండగలదు, కంటికి కనిపించనంత రక్తమైనా చాలు. బ్రిటన్‌లో 2017 ఆగస్టు నుంచి పుట్టిన పిల్లలకే ఆ టీకా మామూలు టీకాల్లో భాగంగా ఇస్తున్నారు. అంటే మీ ఇంట్లో ఇప్పుడు గడ్డం మొలుస్తున్న పిల్లాడికి అది పడి ఉండకపోవచ్చు, పుస్తకం తీసి చూడండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు కత్తి జోలికి పోకండి, మిషనుతోనే చేయించుకోండి. షుగరు ఉన్నవాళ్ళు, మా నాన్నగారికీ ఉంది, ఎదురు గీత వద్దనండి. ఒక్కసారి వాలుకి గీస్తే చాలు. మేము అలాగే చేయించాం.

రెండోది మెడ. తల అంటడం అయ్యాక మెడా భుజాలూ పిసుకుతారు, బాగుంటుంది. కొందరు అంతటితో ఆగకుండా తల రెండు చేతులతో పట్టుకుని టక్కున తిప్పి మెటికలు విరుస్తారు. మన దేశంలో కూడా ఉన్న అలవాటే. దీన్ని మాత్రం ఎవ్వరూ, ఏ వయసువాళ్ళూ ఒప్పుకోవద్దు. మెదడు వెనక భాగానికి రక్తం తీసుకెళ్ళే ధమనులు మెడ ఎముకల్లో ఉన్న రంధ్రాల గుండా పైకి పోతాయి. మెడ ఒక్కసారిగా మెలితిప్పితే ఆ గొట్టం లోపలి పొర చిరగవచ్చు, అక్కడ గడ్డ కట్టిన రక్తం మెదడుకి పోతే పక్షవాతం. మెడ బాగా వెనక్కి వంచినా ప్రమాదమే. సెలూన్లో తల వెనక్కి వాల్చి కడిగించుకున్నాక పక్షవాతం వచ్చిన ఆడవాళ్ళ గురించి 1993లోనే అమెరికాలో ఒక వైద్యుడు రాశారు, దానికి బ్యూటీ పార్లర్ స్ట్రోక్ అనే పేరు స్థిరపడింది. 2022లో హైదరాబాదులో యాభై ఏళ్ళావిడకి అలాగే జరిగిందని అక్కడి న్యూరాలజిస్టు బయటపెడితే పత్రికలన్నిటిలో వచ్చింది. టర్కీ పాత పద్ధతిలో మంచి ఏమిటంటే తల ముందుకి వంచి సింకులో కడుగుతారు, వెనక్కి కాదు. మెడ పట్టుకున్నప్పుడు చెయ్యి అడ్డం పెట్టి "హయిర్" అనండి. ఆ మాట అక్కడ పనికొస్తుంది.

తల అంటడం అన్నాను కాబట్టి ఒక ముచ్చట. షాంపూ అనే మాట మన దేశానిదే. హిందీలో చాంపో అంటే పిసుకు, మర్దనా చెయ్యి అని. పాట్నాలో 1759లో పుట్టిన షేక్ దీన్ మొహమ్మద్ ఇంగ్లండు వచ్చి, బ్రైటన్‌లో ఆవిరి స్నానాలూ మర్దనా చేసే స్నానశాల పెట్టి, నాలుగో జార్జి రాజుకీ, ఆ తరవాత నాలుగో విలియంకీ షాంపూ చేసేవాడిగా పేరు తెచ్చుకున్నాడు. ఆ మర్దనా కాస్తా తరవాత తలకి రాసుకునే సబ్బునీళ్ళయింది. బ్రైటన్ వెళ్తే సెయింట్ నికొలస్ చర్చి దగ్గర ఆయన సమాధి ఉంది, చూడండి.

చివర్లో కొలోన్యా. కొలోన్ అనే జర్మన్ ఊరి పేరు మీదొచ్చిన అత్తరు నీళ్ళే, టర్కీకి వచ్చి వాళ్ళ ఇంటి వస్తువయిపోయింది. నిమ్మకాయ వాసన, మామూలుగా నూటికి ఎనభై పాళ్ళు ఆల్కహాలు. ఇంటికి చుట్టం వచ్చినా, దూరప్రయాణం బస్సెక్కినా చేతుల్లో పోస్తారు. 2020లో కరోనా వచ్చినప్పుడు వాళ్ళు శానిటైజరు కోసం వెతుక్కోలేదు, దీన్నే కొనిపెట్టుకున్నారు. క్షవరం అయ్యాక ఉస్తా సీసా పట్టుకుని దోసిలి పట్టమంటాడు. నాన్నగారు అలవాటు ప్రకారం కుడిచెయ్యి గిన్నెలా చేసి పట్టి, తీర్థం అనుకుని నోటి దగ్గరికి తీసుకెళ్ళబోయారు. ఉస్తా గబుక్కున మణికట్టు పట్టుకుని, ఆ చేత్తోనే ఆయన చెంపలకి రాయించాడు. వణికే చేతిని అలా పట్టుకునే సరికి, నాకు ఎందుకో గొంతు పట్టేసింది.

అప్పుడు ఒక మాట అంటారు వాళ్ళు. "సిహ్హత్‌లెర్ ఒల్సున్." ఆరోగ్యం కలుగుగాక అని. క్షవరం చేయించుకున్నవాడికీ, తలంటుకుని వచ్చినవాడికీ ఇంట్లోవాళ్ళూ, వీధిలోవాళ్ళూ, ఎవరు చూస్తే వాళ్ళు అంటారు. మేము హోటలుకి వెళ్ళేదాకా ముగ్గురు అన్నారు. పసిపిల్లలకి నీళ్ళు పోసి మనవాళ్ళు "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అనడం లేదూ, అలాంటిది. పెద్దయ్యాక మాత్రం మన ఇళ్ళలో క్షవరం చేయించుకొస్తే వినపడే మొదటి మాట "ఏదీ ముట్టుకోకు, పెరటి వైపునించి వెళ్ళి తలస్నానం చెయ్యి" అని. వెంట్రుక ముక్కలు రాలతాయి, నిజమే. కానీ అది వెంట్రుకల సంగతి ఒక్కటే కాదని మనందరికీ తెలుసు. మంగళకరమైన పని ఏదీ ఆయన లేకుండా జరగని ఊళ్ళోనే, ఆయన పేరుని తిట్టుగా వాడుకున్నాం. ఏడాదికోసారి కళ్ళంలో మేర కొలిచి ఇచ్చి, ఏడాది పొడుగునా పని చేయించుకున్నాం. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ కులంవాళ్ళని కించపరిచే పిలుపులు వాడకూడదని ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చింది. ఆ రాత్రి హోటల్లో నాన్నగారు స్నానం చేశారు, అది మానరు. చేసి వచ్చి, "మన ఊళ్ళో ఆయన నలభై ఏళ్ళు గీశాడు. నేను ఒక్కనాడూ కూర్చోమని కుర్చీ వెయ్యలేదురా" అన్నారు. నేనేమీ అనలేదు. మావాడు ఎందుకు వెయ్యలేదు తాతయ్యా అని అడిగాడు. ఆయన చాలాసేపు చెప్పారు వాడికి.

ఇంగ్లండులో ఇదంతా దొరుకుతుందా అంటే దొరుకుతుంది. ఇప్పుడు ప్రతి ఊరి బజారులోనూ టర్కిష్ బార్బర్ అని బోర్డులున్నాయి. అందరూ టర్కీవాళ్ళు కారు, అందరూ పని వచ్చినవాళ్ళూ కారు. ఇక్కడ క్షురకుడిగా పని చెయ్యడానికి తప్పనిసరి లైసెన్సంటూ లేదు, ఎవరైనా పెట్టుకోవచ్చు. 2025 మార్చిలో పోలీసులు నగదు ఎక్కువ తిరిగే కొట్లమీద, ముఖ్యంగా బార్బర్ షాపుల మీద, దేశమంతా సోదాలు చేశారు కూడా. అది చూసి అందర్నీ అనుమానించక్కర్లేదు. బ్లేడు ఎదురుగా విప్పుతున్నారా, తువ్వాలు మారుస్తున్నారా, మీ పెద్దాయనతో మాట్లాడుతున్నారా, ఈ మూడూ చూసుకోండి. మేము నాలుగు కొట్లు తిరిగి ఒకటి పట్టుకున్నాం. నాన్నగారు ఉన్నన్నాళ్ళూ గురువారం గురువారం పొద్దున పదింటికి, జనం లేనప్పుడు, వెళ్ళి గీయించుకొచ్చారు. రెండో నెల నుంచీ నన్ను బయటే ఆగమన్నారు.

బక్షీసు ఎంత ఇవ్వాలని ఇంకో ప్రశ్న ఉంది. బిల్లులో పదో వంతు ఉస్తాకి ఇవ్వండి, చిరాక్ కుర్రాడికి వేరే చేతిలో పెట్టండి, అది మరిచిపోతారు అందరూ. కొలోన్యా సీసా కొనుక్కుంటే సూట్‌కేసులో బట్టల మధ్య పెట్టండి, చేతి సంచిలో వద్దు. మేము రెండు తెచ్చాం. ఒకటి మా బాత్రూములో ఉంది. రెండోది నాన్నగారు తెనాలి తీసుకెళ్ళారు, కొట్లో ఆ అబ్బాయికి ఇవ్వడానికి. అక్కడ గడ్డం అయ్యాక వచ్చినవాళ్ళందరికీ దోసిట్లో పోస్తున్నాడట, అయిపోవచ్చింది, ఇంకోటి పంపమని మొన్న ఫోనులో చెప్పారు.

సమయం అయిపోయిందని అద్దం అవతలనించి చెయ్యి ఊపుతున్నారు. వచ్చేవారం కలుద్దాం. ఉంటానండీ, సెలవు.